తల్లిదండ్రులకు లేఖ: హమీద్ కథ మీద వచ్చిన మాటలు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఏడో తరగతిలో చెప్పిన ‘ఈద్గాహ్’ కథ గురించి బడి గేటు దగ్గర మొదలైన మాటలు వాట్సాప్ గ్రూపులో రాత్రి పదకొండు దాకా సాగుతున్నాయని తెలిసింది. పిల్ల ఏడుస్తూ ఇంటికి వచ్చిందని ఒకరు, పసివాళ్లకు ఈ పేదరికం గొడవ ఎందుకని ఇంకొకరు, ఇంటి సంగతులు రాయించడమేమిటని మరొకరు. అందరికీ కలిపి ఇక్కడే జవాబు రాస్తున్నాను.

ముందు చిల్లర విషయాలు. మార్కుల కార్డులు సంతకం చేసి సోమవారం పంపండి. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ రోజు బడికి సెలవు. నీళ్ల సీసాల మీద పేర్లు రాయండి, ఆఫీసు గదిలో ఇప్పటికే ఒక బుట్టెడు పోగయ్యాయి.

ఇక కథ. దీన్ని రాసిన ప్రేమ్‌చంద్ చిన్నతనంలోనే తల్లిని పోగొట్టుకున్న హిందీ రచయిత. ఆయన హమీద్‌కు తల్లీ తండ్రీ లేరు, అవ్వ అమీనాయే దిక్కు. పండుగ సంతకు బయలుదేరిన పిల్లవాడి దగ్గర ఉన్నవి మూడు పైసలు. తోటివాళ్లు మట్టిబొమ్మలు, మిఠాయిలు కొంటుంటే వీడు ఇనుప సామాన్ల కొట్టు ముందు ఆగాడు. రొట్టెలు కాల్చేటప్పుడు అవ్వ వేళ్లు కాలుతున్నాయని పట్టకారు బేరమాడాడు. ఆరు పైసలు చెప్పిన కొట్టువాడు చివరికి మూడుకే ఇచ్చాడు.

ఇంతవరకు విని కొన్ని ఇళ్లలో ఏం చేశారో పిల్లలే మాకు చెప్పారు. “హమీద్‌ను చూసి నేర్చుకో, నువ్వూ ఉన్నావు సైకిలు కావాలంటూ!” అన్నారట. అయ్యా, అమ్మా, ఆ కథ మీ పిల్లలను దెప్పడానికి రాసింది కాదు. పట్టకారు చూసి అమీనా మురిసిపోలేదు. మధ్యాహ్నం దాకా ఏమీ తినకుండా, తాగకుండా ఈ ఇనుప ముక్క తెచ్చావా అని గుండెలు బాదుకుంది. ఎందుకు తెచ్చాడో తెలిశాక చిన్నపిల్లలా ఏడ్చింది. నాలుగైదేళ్లవాడు పెద్దవాడైపోతే, పెద్దావిడ పసిపిల్ల అయిపోయింది. నా మటుకు నాకు కథంతా అక్కడే ఉంది. బొమ్మ అడగని పిల్లవాణ్ణి బుద్ధిమంతుడని మెచ్చుకోవడం సులువే. వాడికి మాత్రం మిఠాయి తినాలని లేదా? తోటివాడొకడు ఇస్తున్నట్టే చెయ్యి చాపి, తన నోట్లోనే వేసుకుని నవ్విన చోట తరగతిలో చాలామంది తలలు వంచుకున్నారట. మీ పిల్ల ఏడ్చింది బహుశా అక్కడే అయి ఉంటుంది. ఏడవనివ్వండి. పరాయి పిల్లవాడి ఆకలికి కళ్లు చెమర్చడం కూడా చదువే, దానికి ర్యాంకు లేకపోతే లేకపోయింది.

‘ఇంట్లో ఎవరి కష్టం నీ కంటపడింది?’ అని ఒక పేజీ రాయమన్నాం. చంద్రగిరి వైపు నుంచి వచ్చే ఒకమ్మాయి (పేరు చెప్పను, చెబితే సిగ్గుపడుతుంది) పాల కేంద్రం చీటీ గురించి రాసింది. చదువు రాని అవ్వకు రోజూ సాయంత్రం లీటర్లూ, వెన్న శాతమూ చదివి వినిపించేది తనే. శాతం తగ్గితే పాల డబ్బులూ తగ్గుతాయి కదా, అలాంటి రోజు ముందు లీటర్లు గట్టిగా చదివి, ఆ రెండో అంకె దగ్గర గొంతు తగ్గిస్తుందట. ఆ పేజీని స్టాఫ్‌రూములో అందరం చదివాం. తండ్రి ఆటో నడిపే ఇంకో అబ్బాయి, ఆ రాత్రి అమీనా హమీద్‌కు అన్నం ఏం పెట్టిందో రచయిత ఎందుకు రాయలేదని అడిగాడు. మా తెలుగు టీచర్ దగ్గర కూడా దానికి జవాబు లేదు!

పిల్లలతో పని చేయించమని మేమెవరికీ చెప్పడం లేదు. 14 ఏళ్ల లోపు వాళ్లను పనిలో పెట్టుకోవడాన్ని 2016 సవరణతో చట్టం నిషేధించిందని మాకూ తెలుసు. తిన్న కంచం తీయడం, తన సంచి తాను మోయడం ఆ లెక్కలోకి రావు. మూడో అంతస్తు దాకా తాతగారు సంచి మోస్తుంటే మనవడు ఫోను చూస్తూ వెనక రావడం రోజూ చూస్తున్నాం.

మరో మాట. వచ్చిన పేజీల్లో మూడు, ‘నా తల్లి త్యాగమూర్తి’ అనే వాక్యంతో మొదలై చివరి చుక్క దాకా ఒకేలా ఉన్నాయి. ఇంకొన్ని చక్కటి పెద్దల చేతిరాతలో ఉన్నాయి. మీ శ్రద్ధకు కృతజ్ఞతలు. ఆ పిల్లలు మళ్లీ రాసి శుక్రవారానికి ఇవ్వాలి. తప్పులున్నా సరే, పెన్ను మాత్రం వాళ్ల చేతిలోనే ఉండనివ్వండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు
తిరుపతి