మీ అమ్మ లెక్కల పుస్తకం

చిట్టితల్లికి,

నువ్వు బస్సెక్కి వెళ్ళి పదకొండు రోజులైంది. ఈ సంగతి ఫోన్లో చెప్పచ్చు. కానీ మధ్యలో నువ్వు ఏడిస్తే నేను ఆపేస్తాను. అందుకే కాగితం మీద పెడుతున్నాను. చెయ్యి వణుకుతోంది, అక్షరాలు కుదురుగా లేకపోతే కూడబలుక్కుని చదువుకో.

పెద్దకర్మ నాడు వచ్చినవాళ్ళందరూ మీ అమ్మది భూదేవంత ఓర్పు అన్నారు. మీ మేనత్త అయితే రెండుసార్లు అంది. నేను విస్తరి ముందు తలొంచుకుని కూర్చున్నాను. ఒక మనిషికి అంత ఓర్పు ఎందుకు కావాల్సొచ్చిందో ఎవరూ అడగలేదు. అడిగితే జవాబు చెప్పాల్సినవాణ్ణి నేనే. అయినా ఆ మాట తప్పు తల్లీ. మీ అమ్మ ఓర్చుకోలేదు. లెక్క రాసిపెట్టుకుంది.

పదిహేనో ఏట ఈ ఊరొచ్చింది, డెబ్బై ఆరేళ్ళు బతికింది. నీకు ముందు ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారు. మీ అన్న నిలిచాడు, ఆఖర్న నువ్వు. మనది మెట్ట. వానలు పడితే వేరుశనగ, లేకపోతే పొగాకు కాల్చే బ్యారన్ల దగ్గర కూలి. తన కూలి, నా కూలి కలిపితే ఇల్లు గడవాలి. నాది ఇంటికి చేరేది కాదు.

అప్పట్లో సారాని సర్కారే ప్యాకెట్లలో పోయించి ఊరూరికీ పంపేది. దానికి వారుణి వాహిని అని ముచ్చటైన పేరొకటి. తాగే నీళ్ళకి మీ అమ్మ మైలు నడిచేది, సారా మాత్రం జీపులో వీధి చివరికొచ్చేది. ఇది నా తప్పుని సర్కారు మీదకి తొయ్యడానికి రాయడం లేదు. జీపు వచ్చింది నిజమే, ప్యాకెట్టు మూతితో కొరికింది మాత్రం నేను.

1991లో మన నెల్లూరు జిల్లా అంతా అక్షరదీపం అని రాత్రి బడులు పెట్టారు. మీ అమ్మకి నలభై దాటాయి. పగలంతా పనిచేసి, మీకింత వండిపెట్టి, పలక పట్టుకుని వెళ్ళేది. "ఈ వయసులో ఓనమాలేందే" అని నవ్వాను. నేను ఐదో తరగతి చదివినవాణ్ణి కదా, ఆ పొగరు. వాళ్ళ పుస్తకంలో దూబగుంట ఆడవాళ్ళు ఊళ్ళో సారా కొట్టు మూయించిన పాఠం ఉండేది. దూబగుంట ఎక్కడో కాదు, మన కలిగిరి దగ్గరే. మీ అమ్మ దాన్ని ఒక్కొక్క అక్షరం పట్టుకుని చదువుతుంటే నేను మంచం మీద పడి విన్నాను. మూడోరోజుకి గడగడా చదివేసింది. అప్పుడు నవ్వలేదు.

1992లో మన ఊరి ఆడవాళ్ళు జీపు ఆపారు. కొందరు చీపుర్లు, కారప్పొడి తెచ్చుకున్నారు. మీ అమ్మ ఏమీ తెచ్చుకోలేదు, వెళ్ళి జీపు ముందు కూర్చుంది. ప్యాకెట్లు చింపి మట్టిలో పోస్తుంటే నా కడుపు రగిలిపోయింది. వాళ్ళ మీద కోపంతో కాదు, అంత సరుకు నేలపాలైపోతోందే అని. అంత హీనంగా ఉండేవాణ్ణి. నెల్లూరులో సారా అమ్ముకునే హక్కుకి సర్కారు పెట్టే వేలంపాటలు జరగనివ్వకుండా అడ్డుకున్న రోజుల్లో రెండుసార్లు చద్దిమూట కట్టుకుని లారీ ఎక్కింది. నిన్ను పక్కింటి అవ్వ దగ్గర వదిలింది, నాకు అన్నం వండలేదు.

1993 ఏప్రిల్లో మన జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆపేశారు. నేను మానేశానని ఊళ్ళో గొప్పగా చెప్పుకున్నాను. నిజమేంటంటే దొరకలేదు. నెలరోజులు చేతులు వణికాయి, నిద్ర లేదు. రాత్రిళ్ళు మజ్జిగ తెచ్చి మంచం పక్కన పెట్టేది. మాట్లాడేది కాదు.

తర్వాత పొదుపు సంఘంలో రోజుకో రూపాయి కట్టింది. దాని మీద అప్పు తీసుకుని గేదెని కొంది. నీ ఇంటర్ ఫీజు ఆ పాలడబ్బే, అది నీకు తెలిసిన కథే. 1995లో మొత్తం మందే ఆపారు, 1997లో మళ్ళీ తెరిచారు. నువ్వప్పుడు టెన్త్. షాపు తెరిచిన వారానికే వెళ్ళాను. ఇంటికొస్తే "ఎంతైంది" అని అడిగింది. చెప్పాను. లోపలికి వెళ్ళి రాసుకుని వచ్చింది. ఇక వెళ్ళలేదు.

ఏం రాసుకుందో, ఎందులో రాసుకుందో నేను ఏనాడూ అడగలేదు. మొన్న ట్రంకు పెట్టె తీస్తే పెళ్ళి చీర కింద దొరికింది. నీ నాలుగో తరగతి లెక్కల నోటుబుక్కు. ముందు నుంచి నీ కూడికలు, వెనక నుంచి మీ అమ్మ లెక్కలు. ఎడమ పక్క కూలి. కుడి పక్క పైన "సా" అని ఒక్క అక్షరం. పూర్తిగా రాయడం రాకనో, ఆ మాట రాయడం ఇష్టం లేకనో. రోజూ ఉంది. దొరకని ఏడాది సున్నాలు కూడా వదలకుండా పెట్టింది.

ఒక పేజీలో కుడి పక్క అంకె లేదు. "పాప పట్టీలు" అని ఉంది.

నీకు గుర్తుందా, వాగులో స్నానానికి వెళ్ళి పట్టీలు పోగొట్టుకున్నానని మూడు రోజులు ఇసుక తవ్వావు. అన్నం తినలేదు. మొన్న కూడా నీ కూతురికి పట్టీలు పెడుతూ "నాలాగా పోగొట్టుకోకు" అన్నావు. నువ్వు పోగొట్టుకోలేదు తల్లీ. నిద్రలో నీ కాళ్ళ నుంచి తీసింది నేను. తాకట్టు పెట్టాను, విడిపించలేదు.

ఆ మూడు రోజులూ మీ అమ్మ నీ పక్కనే కూర్చుని ఇసుక తవ్వింది. ఆమెకి తెలుసు. రాసుకున్న తేదీ, నువ్వు వెతకడం మొదలుపెట్టిన రోజుదే.

నోటుబుక్కు మళ్ళీ చీర కిందే పెట్టాను. నెలమాసికానికి వచ్చినప్పుడు తీసుకెళ్ళు.

మీ నాన్న