చలి ముదరకముందే ట్రాక్టర్ డీజిల్ చూసుకోండి

మిన్నెసోటాలో ట్రాక్టర్‌తో మంచు తోసుకునేవాళ్లందరూ ఒకసారి చదవండి. ట్యాంకులో వేసవినాటి నంబర్ 2 డీజిల్ (మామూలు డీజిల్) మిగిలి ఉంటే ఈ వారమే దాని సంగతి చూడండి. సాధారణంగా 10–20 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరే అందులోని మైనం పలుకులు కట్టడం మొదలుపెడుతుంది. పేరుకున్న నెయ్యిలా ట్యాంకంతా గడ్డకట్టక్కర్లేదు, ఫిల్టర్ మూసుకుపోతే చాలు, ఇంజన్ ఆగిపోతుంది.

నంబర్ 1 (చలికి అంత త్వరగా గడ్డకట్టని పలచని డీజిల్) కలిపిన వింటర్ డీజిల్ పోయించండి. గడ్డకట్టకుండా ఆపే యాంటీ జెల్ మందును డీజిల్ తేటగా ఉండగానే వేయాలి, గడ్డకట్టాక అది పనిచేయదు. వేశాక కాసేపు ఇంజన్ నడపండి, మందు ఫిల్టర్ దాకా చేరాలి కదా. డీజిల్‌లోంచి నీటిని వేరుచేసే వాటర్ సెపరేటర్‌లో నీళ్లు తీసేయండి. బ్లాక్ హీటర్ ఉంది కదా అని ఊరుకోకండి, అది వేడిచేసేది ఇంజన్‌నే, ట్యాంకును కాదు.

పెట్రోల్ మాత్రం దయచేసి ఎవరూ కలపొద్దు, మంటలు అంటుకునే ప్రమాదం ఉంది. ఒక స్పేర్ ఫిల్టర్ ఇప్పుడే తెచ్చి పెట్టుకోండి.