తప్పు తెలుగు పేరుది కాదు, స్క్రిప్టుది

సంపాదకులకు నమస్కారం.

ఫైళ్లకు తెలుగు పేర్లు పెట్టొద్దని, పేరు మధ్యలో ఖాళీ వదిలితే స్క్రిప్టు (వరుసగా నడిచే కమాండ్ల ఫైలు) ఆగిపోతుందని కంప్యూటర్ శిక్షణల్లో ఇప్పటికీ చెబుతూనే ఉన్నారు. మొదటి మాటకు ఆధారం లేదు. రెండోది సగమే నిజం. స్క్రిప్టు ఆగిపోతే బాగానే ఉండేది, కానీ చాలాసార్లు ఆగకుండా వేరే ఫైలు మీద పడుతుంది.

లినక్స్‌లో ఫైలు పేరులో రాకూడనివి రెండే: / గుర్తు, సున్నా బైటు. ఖాళీ, నక్షత్రం, ప్రశ్న గుర్తు, ఆఖరికి కొత్త లైను కూడా చెల్లుతాయి. తెలుగు అక్షరాలు దానికి మామూలు బైట్లే. చిక్కంతా షెల్ దగ్గర, అంటే మనం కొట్టిన కమాండ్లను నడిపే ప్రోగ్రాం దగ్గర. (అచ్చుకు వీలుగా కమాండ్లు తెలుగు లిపిలో రాస్తున్నాను.) వేరియబుల్‌ను, అంటే ఫైలు పేరును దాచుకున్న గుర్తును, కొటేషన్లు లేకుండా $ఎఫ్ అని వాడితే షెల్ ముందు దాని విలువను ఖాళీ, ట్యాబ్, కొత్త లైను ఉన్నచోటల్లా ముక్కలు కొడుతుంది. తర్వాత ఆ ముక్కల్లో *, ?, [ ] ఉంటే ఫోల్డర్‌లోని పేర్లతో సరిపోల్చి, దొరికినవాటిని అక్కడ పెడుతుంది. "పింఛను జాబితా.పీడీఎఫ్" తీసేయడానికి, తొలగింపు కమాండు ఆర్‌ఎంతో ఆర్‌ఎం $ఎఫ్ అంటే, "పింఛను" ఒక ఫైలు, "జాబితా.పీడీఎఫ్" ఇంకో ఫైలు అయిపోతాయి. ఆ రెండో పేరుతో నిజంగానే ఫైలు ఉంటే అది పోయినట్టే. ఆర్‌ఎం "$ఎఫ్" అని రాస్తే ఈ బాధ లేదు. 2001 నవంబరులో యాపిల్ వారి ఐట్యూన్స్ 2.0 ఇన్‌స్టాలర్‌లో ఇదే పొరపాటు దొర్లి, పేరులో ఖాళీ ఉన్న డిస్కుల్లోని డేటా తుడిచిపెట్టుకుపోయింది. వెంటనే 2.0.1 విడుదల చేయాల్సి వచ్చింది.

ఫైలు పేరు తెలుగులో ఉండొచ్చు గానీ, వేరియబుల్ పేరు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలి. ఇంకో మాట: పత్రికలో, వర్డ్ ఫైల్లో కొటేషన్లు వంకీలు తిరిగి “ ” ఇలా పడతాయి. షెల్‌కు అవి కొటేషన్లు కావు, పేరులో భాగమే. కాపీ చేసి అతికించిన కమాండు "అలాంటి ఫైలు లేదు" అంటే ముందు చూడాల్సింది అక్కడే.

కొటేషన్లు పెట్టినా ఒక గండం మిగులుతుంది. పేరు - గుర్తుతో మొదలైతే ఆర్‌ఎం దాన్ని ఆప్షన్ అనుకుంటుంది. "-ఆర్‌ఎఫ్" (అడగకుండా ఫోల్డర్లతో సహా తీసేయమని చెప్పే ఆప్షన్) అని పేరున్న ఫైలు పక్కన ఆర్‌ఎం * కొడితే ఏమవుతుందో వేరే చెప్పాలా! ఆప్షన్లు ఇక్కడితో అయిపోయాయని చెప్పే -- పెట్టి ఆర్‌ఎం -- "$ఎఫ్" అనండి, లేదా లూపునే ./* తో మొదలుపెట్టండి. ఫర్ లూపులో ఫైళ్ల జాబితా కోసం $(ఎల్‌ఎస్) పెట్టడం అందరికీ అలవాటు, ఆ జాబితా కూడా ఖాళీల దగ్గర ముక్కలవుతుంది కాబట్టి మానేయాల్సిన అలవాటు కూడా. ఫర్ ఎఫ్ ఇన్ ./*.పీడీఎఫ్ అంటే షెల్ పేర్లను చెక్కుచెదరకుండా ఇస్తుంది. అయితే ఫోల్డర్‌లో ఒక్క పీడీఎఫ్ కూడా లేకపోతే ఆ నక్షత్రమే పేరుగా లూపులోకి వస్తుంది కాబట్టి, మొదటి వరుసలోనే [ -ఇ "$ఎఫ్" ] || కంటిన్యూ రాసుకోవాలి.

లోపలి ఫోల్డర్లలో కూడా వెతకాలంటే ఫైండ్. దొరికిన పేర్లను ఇంకో కమాండుకు అందించే ఎక్స్‌ఆర్గ్స్‌కు దాన్ని నేరుగా కలిపితే ఖాళీలే కాదు, పేరులో ఒక్క ' గుర్తున్నా జత కుదరని కొటేషన్ అని పని మధ్యలో ఆగిపోతుంది. ఫైండ్‌కు -ప్రింట్0, ఎక్స్‌ఆర్గ్స్‌కు -0 ఇస్తే పేర్ల మధ్య సున్నా బైటు పడుతుంది. పేరులో రానిదేదో అదే విభజన గుర్తు, ఇక గొడవెక్కడిది? యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్ 2024 కూర్పులో ఈ రెండూ చేరాయి. జాబితాను ఫైలు నుంచి వరుసవరుసగా చదివితే వైల్ ఐఎఫ్‌ఎస్= రీడ్ -ఆర్ ఎఫ్ వాడాలి. ఐఎఫ్‌ఎస్= లేకపోతే పేరు చివరి ఖాళీలు, -ఆర్ లేకపోతే \ గుర్తులు మాయమవుతాయి.

తెలుగు పేర్లకు చిక్కులే లేవని కాదు. ఉన్నవి వేరు. లినక్స్ డిస్కుల్లో వాడే ఎక్స్‌ట్4 ఫార్మాట్‌లో పేరుకు 255 బైట్లు హద్దు, తెలుగులో ఒక్కో కోడుకు (అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు వేటికవే) 3 బైట్లు. కంటికి రెండక్షరాల "లక్ష్మి"లో 7 కోడ్లు, అంటే 21 బైట్లు. ఊరు, మండలం, పేరు, తేదీ అన్నీ ఫైలు పేరులోనే గుచ్చితే 85 కోడ్ల దగ్గర తలుపు మూసుకుంటుంది.

రెండోది కంటికి కనిపించదు. పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు వెడల్పు లేని నాన్‌జాయినర్ (పక్క అక్షరంతో కలవకుండా ఆపే గుర్తు) ఒకటి చేరుస్తాయి. "రిజిస్టర్" చివర అది ఉన్న ఫైలు, లేని ఫైలు ఒకే ఫోల్డర్‌లో కవలల్లా కూర్చుంటాయి. స్క్రిప్టుకు ఒకటే దొరుకుతుంది. ఎల్‌సీ_ఆల్=సీ ఎల్‌ఎస్ -బి అని అడిగితే బైట్లన్నీ అంకెల్లో కనిపిస్తాయి, నాన్‌జాయినర్ \342\200\214గా బయటపడుతుంది. పదం చివరున్నదాన్ని మాత్రమే తీసేయండి. "రేషన్‌కార్డు" మధ్యలోది తీస్తే న కింద క వత్తు పడి పేరు రూపమే మారుతుంది. పేరు మార్చేటప్పుడు ఎంవీ -ఎన్ వాడితే రెండో కవల చెరిగిపోదు.

మూడోది ఐత్వం. పాత మ్యాక్‌ల డిస్కు ఫార్మాట్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ దాన్ని రెండు కోడ్లుగా విడగొట్టి దాస్తుంది. అక్కడి నుంచి తెచ్చిన "కైకలూరు" ఫోల్డర్‌ను లినక్స్‌లో కై* అని వెతికితే దొరకదు. ఫైలు పేర్ల ఎన్‌కోడింగ్ మార్చే కన్వ్‌ఎంవీకి -ఎఫ్, -టి రెండింటికీ యూటీఎఫ్8, పైన --ఎన్‌ఎఫ్‌సీ ఇస్తే కలిపేస్తుంది. --నోటెస్ట్ చేర్చేదాకా ఏం చేస్తుందో చూపిస్తుందే తప్ప దేన్నీ ముట్టదు.

స్క్రిప్టు రాశాక, స్క్రిప్టుల్లో తప్పులు పట్టే షెల్‌చెక్‌తో ఒకసారి చూపించుకోండి. కొటేషన్లు మరిచిన చోటల్లా ఎస్‌సీ2086 అని వేలెత్తి చూపుతుంది. ఆ తర్వాత ఒక ఖాళీ ఫోల్డర్‌లో నాలుగు ఫైళ్లు చేయండి: మధ్యలో రెండు ఖాళీలున్నది, - తో మొదలయ్యేది, ' ఉన్నది, కొత్త లైనున్నది. అసలు డేటా జోలికి వెళ్లేముందు స్క్రిప్టును వాటి మీద నడపండి.

ఇట్లు,
ఒక సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్,
హనుమకొండ