సీడీ లేజర్ల సంగతి: జరిగింది ఇది, ఇకపై చేసేది ఇది

మా దగ్గర కారు స్టీరియోకి సీడీ లేజర్ మార్పించుకున్నవాళ్లలో కొందరికి ఈ మధ్య మళ్లీ పాత కష్టమే మొదలైంది. కొన్నాళ్లు బాగానే పాడి, ఆ తర్వాత పాట మధ్యలో ఆగిపోవడం, డిస్క్ పెట్టగానే 'నో డిస్క్' అని చూపించడం, లోపల టకటకలాడి డిస్క్‌ని బయటికి తోసేయడం. కొందరు మర్యాదగా అడిగారు. ఒకాయన గట్టిగానే అడిగారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అందరికీ కలిపి ఒకేసారి రాయడం మేలనిపించింది. చెడింది మీ సెట్ కాదు, మీ సీడీలు కాదు, మా పనితనం అంతకన్నా కాదు. కొత్తవని చెప్పి మాకు అమ్మిన లేజర్ పికప్‌లు పాతవి.

పికప్ అంటే సీడీ కింద అటూ ఇటూ జరుగుతూ చదివే చిన్న దిమ్మ. పైన లెన్స్, లోపల లేజర్ డయోడ్. దాని కాంతి 780 నానోమీటర్లు, అంటే కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్. వెలుగుతోందో లేదో చూద్దామని లెన్స్‌లోకి కన్ను పెట్టకండి, కనిపించకపోయినా కంటికి హానే.

తిరిగొచ్చిన ఒక సెట్ విప్పుతున్నప్పుడు అనుమానం వచ్చి, స్టాకులో ఉన్న సీల్ కవరు ఒకటి తెరిచి భూతద్దం కింద పెట్టాను. లేజర్ డయోడ్‌కి స్టాటిక్ కరెంటు అంటే పడదు. చేతి వేలి నుంచి ఒక్క చిటుక్కుమన్నా చాలు, పోతుంది. అందుకే ఇలాంటి కొత్త పికప్ మీద రెండు చిన్న ప్యాడ్లను కలుపుతూ ఫ్యాక్టరీలోనే ఒక చుక్క సోల్డర్, అంటే టంకం, పెడతారు. పలచని పట్టీలాంటి ఫ్లెక్స్ కేబుల్ బిగించాక మేం ఆ చుక్క తీసేస్తాం, అప్పుడే లేజర్ పనిచేస్తుంది. కవరులోని పికప్‌కీ ఆ చుక్క ఉంది. కానీ దాని చుట్టూ టంకం వేసేటప్పుడు వాడే ఫ్లక్స్ తాలూకు గోధుమరంగు మరక, ఒక ప్యాడ్ అంచు కొద్దిగా పైకి లేచి ఉంది. అంటే ఆ చుక్కని ఇదివరకే ఎవరో తీశారు, మళ్లీ పెట్టారు. పక్కనే లేజర్ పవర్ సర్దే ప్రీసెట్ అనే చిన్న తిప్పుడు మర ఉంటుంది, ఆవగింజ కంటే కాస్త పెద్దది. దాని గాడిలో స్క్రూడ్రైవర్ గీతలు. ఫ్యాక్టరీ సర్దిన తర్వాత దాన్ని తిప్పాల్సిన పని ఎవరికీ ఉండదు.

తిప్పారంటే కారణం ఒక్కటే. డయోడ్ వాడేకొద్దీ కాంతి తగ్గుతుంది. ప్రీసెట్ తిప్పి కరెంటు పెంచితే ముసలి ఎద్దుని ముల్లుకర్రతో పొడిచి లేపినట్టు లేచి నాలుగడుగులు వేస్తుంది. పెంచిన ఆ కరెంటే దాన్ని తొందరగా చంపుతుంది కూడా. మా బల్ల మీద అన్ని పరీక్షల్లో నెగ్గి, మీ కార్లోకి వెళ్లాక కూలబడ్డాయంటే అందుకే.

'ముందే చూసుకోవాలి కదండీ' అన్నారు ఒకరు. ఏం చూడాలి? మొదట వచ్చిన లాట్లలో ఒక్కటీ తిరిగి రాలేదు. తర్వాతి లాటు కూడా అదే కవరు, అదే లేబులు, అదే సీలు. సీలు వేసి వచ్చిన వస్తువుని దొంగసొత్తేమోనని భూతద్దం పెట్టి వెతికే అలవాటు మాకు లేదు. ఇప్పుడు చేసుకున్నాం.

సప్లయర్ పేరు రాయను. ఆయనతో మాట్లాడింది మాత్రం రాస్తాను, ఎందుకంటే అది ఇంకా మింగుడుపడలేదు. మొదట 'అన్నీ కొత్తవే సార్, మీకెందుకు టెన్షన్' అన్నారు. ఫోటోలు పంపాను. కాసేపాగి 'ఆ మోడల్ ఫ్యాక్టరీలో ఆపేశారు సార్, కొత్తవి ఎక్కణ్ణుంచి తేవాలి మరి?' అన్నారు. మరి సీలు ఎవరు వేశారు అంటే జవాబు లేదు. చివరికి అసలు మాట బయటికి వచ్చింది. 'అయినా ఈ రోజుల్లో కార్లో సీడీ ఎవరు వింటున్నారు సార్? పీకేసి టచ్‌స్క్రీన్ పెట్టించుకోమనండి.'

వినేవాళ్లు ఉన్నారు కాబట్టే కదయ్యా నీ దగ్గర కొన్నాను అన్నాను. ఎన్నో ఏళ్లుగా ఆయన్ని మీరు అనే పిలిచాను. ఆ ఒక్క మాటకి నువ్వు వచ్చేసింది.

సగం డబ్బు వెనక్కిస్తానని, మిగతా సగానికి స్పీకర్లు తీసుకోమని బేరం పెట్టారు. వద్దన్నాను. మిగిలిన సరుకు తిరిగి పంపితే మొత్తం చూద్దామన్నారు. పంపలేదు. పంపితే అవే కవర్లు ఇంకో లేబులుతో ఇంకో మెకానిక్ బల్ల మీద తేలతాయి. అన్నీ ఒక డబ్బాలో వేసి, టేపు చుట్టి, పైన 'చెత్త' అని రాసి అటక మీద పెట్టించాను. డబ్బు పోయింది. పోనీ.

ఇక అసలు తలనొప్పి. మీకు మళ్లీ ఏం వేసి ఇవ్వాలి?

ఇంకో సప్లయర్ని పట్టుకోవచ్చు. ఇద్దరు ముగ్గురి దగ్గర నమూనాలు తెప్పించాను కూడా. పాత సెట్ల మోడళ్లు చాలావాటికి తయారీయే ఆగిపోయింది. అలాంటప్పుడు 'కొత్తది' అంటూ వచ్చేది గోడౌన్లో మిగిలిన అసలైన సరుకు కావచ్చు, తుడిచి పాలిష్ పెట్టిన పాతదీ కావచ్చు. వచ్చిన నమూనాల్లో రెండు రకాలూ ఉన్నాయి. సీడీ రిపేర్లు పూర్తిగా మానేయమని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. లెక్క చూస్తే అదే తెలివైన పని, కాదనను. కానీ టచ్‌స్క్రీన్ పెట్టించుకోమన్న ఆ మనిషి మాటే నెగ్గినట్టవుతుంది. అది నాకు ససేమిరా ఇష్టం లేదు.

మిగిలింది ఒక్క దారి. ఆంప్లిఫయర్ కాలిపోయో, డిస్‌ప్లే పోయో మూలపడ్డ సెట్లలోంచి, మెకానిజం బాగున్న వాటిని తీసి వాడటం. అంటే సెకండ్‌హ్యాండ్. మా కౌంటర్ వెనకాల 'పాత పార్టులు వాడబడవు' అన్న బోర్డు మీరంతా చూసే ఉంటారు. అది చూసే లోపలికి వచ్చామన్నవాళ్లూ ఉన్నారు. ఆ బోర్డు కింద కూర్చుని పాత పికప్ బిగించడమా? రాత్రి సరే అనుకోవడం, పొద్దున షట్టర్ తీసి బోర్డు చూడగానే వద్దనుకోవడం, ఇదే వరస. చివరికి మా కుర్రాడు అన్నాడు, 'అన్నా, ఇన్నాళ్లూ పాతవే కదా వేస్తున్నాం, కాకపోతే మనకి తెలీదు. ఇప్పుడు తెలిసి వేస్తాం. అంతేగా?' వాడి మీద కోపం వచ్చింది. మాట నిజమే కాబట్టి ఇంకాస్త ఎక్కువ వచ్చింది.

బోర్డు తీసేశాం. దాని బదులు 'నిజాయితీగా చెప్పి పాత పార్టు వేస్తాం' అని రాయించమని ఒకరు చెప్పారు. రాయించను. బిల్లు మీద 'వాడిన పార్టు' అని ఉంటుంది, అది చాలు.

ఎంచుకునే పద్ధతి చెప్తాను. కొన్ని రకాల పికప్‌ల మీద, తయారైనప్పుడు ఆ లేజర్ ఎంత కరెంటు తీసుకుందో చిన్న లేబులు మీద అచ్చువేసి ఉంటుంది. ఇప్పుడు తీసుకుంటున్నది కొలిచి చూస్తాం. పది శాతం మించి ఎక్కువ తాగుతుంటే పక్కన పడేస్తాం. అంకె లేని రకాలకి ప్రీసెట్ మీద గీత పడిందా లేదా అన్నది మొదటి పరీక్ష. వీలైన చోట పికప్ ఒక్కటే కాకుండా డిస్క్‌ని తిప్పే స్పిండిల్ మోటారు, కుదుపులు ఆపే రబ్బరు డ్యాంపర్లతో సహా మెకానిజం మొత్తం మారుస్తాం. ఎందుకంటే గతుకుల్లో పాట ఎగిరిపోవడానికి చాలాసార్లు లేజర్ కారణం కాదు, పట్టు పోయిన ఆ డ్యాంపర్లే. ఆ తర్వాత సెట్ బాగా వేడెక్కేదాకా కంపెనీ సీడీ ఒకటి, ఇంట్లో రాసుకున్న సీడీ ఒకటి, మొదటి పాటా చివరి పాటా మారుస్తూ ఆడిస్తాం. ప్రీసెట్ మాత్రం ముట్టుకోం. 'కొంచెం తిప్పి ఇచ్చేయండి చాలు' అని అడిగినా సరే.

ఆ లాటులోని పికప్ పడిన సెట్ల జాబితా మా రిజిస్టర్లో ఉంది. ఇప్పటికి బాగానే పాడుతున్నా తీసుకురండి, పార్టుకి గానీ పనికి గానీ ఏమీ తీసుకోం. డబ్బు వెనక్కి కావాలన్నా ఇస్తాం, కారణం అడగం. సీడీ వద్దు, యూఎస్‌బీ, బ్లూటూత్ ఉన్న సెట్టే పెట్టించుకుంటామంటే బిగించే ఖర్చు మాది. కానీ అది మీ అంతట మీరు అడిగితేనే.

ఇంకో మాట. 'లేజర్ పోయింది' అని వచ్చే ప్రతి సెట్‌లోనూ పోయింది లేజర్ కాదు. కంపెనీ సీడీలు పాడుతూ, రాసుకున్నవి మాత్రమే మొరాయిస్తుంటే లెన్స్ మీద దుమ్ము కావచ్చు, లేదా లేజర్ నీరసించడం మొదలై ఉండొచ్చు. అద్దంలా మెరిసే కంపెనీ డిస్క్ కాంతిని బాగా వెనక్కి పంపుతుంది, రాసుకున్నది కొంచెం తక్కువ, చెరిపి మళ్లీ రాసే ఆర్‌డబ్ల్యూ డిస్క్ మరీ తక్కువ. అందుకే మొదట ఆర్‌డబ్ల్యూ ఆగిపోతుంది. చాలా పాత సెట్లు దాన్ని మొదటినుంచీ చదవవు, అది జబ్బు కాదు.

సీడీని మధ్యలోంచి అంచు వైపుకి తుడవండి, గుండ్రంగా వద్దు. సీడీలో పాట చుట్లు చుట్లుగా ఉంటుంది, అడ్డంగా పడ్డ గీత ఒక్కో చుట్టులో కాసింతే చెరుపుతుంది. సుమారు రెండున్నర మిల్లీమీటర్ల దాకా పోయిన సమాచారాన్ని ప్లేయరే లెక్కగట్టి పూరించుకుంటుంది. చుట్టు వెంబడి గుండ్రంగా పడిన గీత ముందు ఆ లెక్క పనిచేయదు. అందరూ మెరిసే వైపునే జాగ్రత్తగా చూస్తారు గానీ, అసలు భయపడాల్సింది పేరు రాసుకునే వైపు. మెరిసే వైపు దాదాపు 1.2 మిల్లీమీటర్ల మందం ప్లాస్టిక్ రక్షణగా ఉంది. ఇటు వైపు పలచని లక్క పొర, దాని కిందే కాంతిని వెనక్కి పంపే రేకు. అక్కడ గీత లోతుగా పడితే ఎవరూ ఏమీ చేయలేరు.

కాగితం స్టిక్కర్లు అంటించిన సీడీలు మాత్రం దయచేసి కార్లో పెట్టకండి. ఎండలో నిలిపిన కారు వేడికి జిగురు కరిగి, స్టిక్కరు అంచు లేచి, డిస్క్‌ని లోపలికి లాగే రోలర్‌కి చుట్టుకుంటుంది. చిమటాతో ముక్కలు ముక్కలుగా లాగాల్సి వస్తుంది, ఆ పని నాకు పరమ చిరాకు. చిన్న సైజు 8 సెంటీమీటర్ల డిస్క్‌లూ అంతే. బ్రష్‌లున్న లెన్స్ క్లీనర్ డిస్క్‌లు, డిస్క్‌ని సందులోంచి లోపలికి లాక్కునే స్లాట్ సెట్లలో వాడొద్దు. చలిలో హీటర్ వేసిన వెంటనే సీడీ ఆడకపోతే లెన్స్ మీద తేమ పట్టి ఉంటుంది. డిస్క్ తీసేసి ఓ గంట ఆగండి.

సీడీ బాగయ్యేదాకా రేడియో వింటున్నవాళ్లు గరగర అంటున్నారు. సిగరెట్ లైటర్ సాకెట్లో పెట్టిన ఫోన్ చార్జర్ ముందు పీకి చూడండి, చవకరకం చార్జర్లు ఎఫ్ఎం మీద పగబట్టినట్టు ఉంటాయి. కూత ఇంజన్ రేజ్ చేస్తే పెరిగి, తగ్గిస్తే తగ్గుతుంటే ఎర్త్ వైరు సంగతి చూడాలి. స్టేషన్లన్నీ బలహీనంగా వస్తుంటే యాంటెనాకి కరెంటిచ్చే నీలం వైరు కలపలేదేమో. ఇంజన్ ఆపి తాళంచెవి తీసిన ప్రతిసారీ స్టేషన్లు మరిచిపోతుంటే ఎరుపు, పసుపు వైర్లు తారుమారయ్యాయని అర్థం. పసుపుకి ఎప్పుడూ కరెంటు ఉండాలి, ఎరుపుకి తాళంచెవి పెట్టి తిప్పినప్పుడే. ఫ్యూజ్ పోతే అంతే ఆంపియర్లది వేయండి. పెద్దది వేసి 'ఇప్పుడు పోవట్లేదు' అని సంబరపడితే తర్వాత కాలేది వైరింగే.

సెట్ తెచ్చేముందు రేడియో కోడ్ కార్డు వెతికి పెట్టుకోండి. బ్యాటరీ తీసినా, సెట్ ఊడదీసినా కొన్ని మోడళ్లు కోడ్ అడుగుతాయి, ఊహించి కొడుతూ పోతే లాక్ అయిపోతాయి. కార్డు లేదంటే ముందే చెప్పండి, అది తేలేదాకా స్క్రూ కూడా విప్పను. కార్డుతో పాటు మీ కార్లో ఏ సీడీ ఏ పాట దగ్గర ఆగుతోందో ఆ సీడీ కూడా తీసుకురండి. ఈసారి మా పరీక్ష డిస్క్ పాడితే సరిపోదు. మీ సీడీ, ఆ పాట దాటాలి, మీరు ఎదురుగా ఉండగానే. దాటాకే సెట్ మీ చేతికిస్తాను.