చుట్టరికాలను కూడా టార్గెట్ల లెక్కలో వేసే కొలువు

సంపాదకులకు నమస్కారం.

కార్పొరేట్ జూనియర్ కళాశాలల్లో పిల్లలు పడే ఒత్తిడి గురించి మీ పత్రిక తరచూ రాస్తోంది, రాయవలసిన విషయమే. విద్యార్థుల ఆత్మహత్యలపై ఉమ్మడి రాష్ట్రంలో 2001లోనే నీరదా రెడ్డి కమిటీని వేశారు. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చక్రపాణి కమిటీని నియమించింది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న 15 మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ పిల్లలతో పాటు అవే గోడల మధ్య తెల్లవారుజాము నుంచి రాత్రి వరకు ఉండే అధ్యాపకుల బతుకు మాత్రం చర్చకు రావడం లేదు. పద్నాలుగేళ్లుగా ఇటువంటి సంస్థల్లో భౌతికశాస్త్రం బోధిస్తున్న వాడిగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా రోజు ఉదయం ఆరు గంటల స్టడీ అవర్‌తో మొదలవుతుంది. ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగున్నర వరకు తరగతులు, ఆ తరువాత సందేహాల వేళ, మళ్లీ రాత్రి తొమ్మిదిన్నర వరకు స్టడీ అవర్లు. ఉదయం, రాత్రి స్టడీలు వంతుల వారీగా పడతాయని ఉద్యోగంలో చేరేటప్పుడు చెబుతారు గానీ, ఇద్దరు మానేసి వెళ్లిపోతే వారి వంతు కూడా మిగిలిన వారి మీదే పడుతుంది. ఆదివారం వీకెండ్ పరీక్ష. సోమవారం ఉదయానికి ఏ సెక్షన్‌లో ఏ ప్రశ్నకు ఎందరు తప్పు రాశారో ఎర్రర్ లిస్టు సిద్ధంగా ఉండాలి. నా సెక్షన్ సగటు పక్క సెక్షన్ కంటే తగ్గితే అందరి ముందూ లేచి నిలబడి కారణం చెప్పుకోవాలి. జ్వరంతో ఉన్న పిల్లలు పరీక్ష రాసినా, ఆ వారం పాఠం నిజంగానే కఠినమైనదైనా ఆ కారణాలు చెల్లవు. నా కొడుకు ఒకటో తరగతి నుంచి అయిదో తరగతికి వచ్చేదాకా వాడిని మెలకువగా చూసింది ఎక్కువగా పండుగ సెలవుల్లోనే.

ఇంత చెప్పినా, పని గంటలు మాత్రమే అయితే నేను ఈ ఉత్తరం రాసేవాణ్ని కాదు. పాఠం చెప్పడం నాకు ఇష్టం, అలసట ఓర్చుకోగలను. నన్ను బాధిస్తున్నది వేసవి.

ఇంటర్ బోర్డు నోటిఫికేషన్ రాకముందు ప్రవేశాలు జరపకూడదు, వేసవి సెలవుల్లో తరగతులు నడపకూడదు. అయినా సంక్రాంతి రాకముందే ప్రతి అధ్యాపకుడికీ అడ్మిషన్ల టార్గెట్ ఇస్తారు. సొంత ఊరు, అత్తగారి ఊరు, చదువుకున్న బడి, ఇరుగుపొరుగు, ఎక్కడెక్కడ పదో తరగతి పిల్లలున్నారో పేర్లు, తండ్రుల ఫోన్ నంబర్లతో జాబితా రాసివ్వాలి. రోజూ సాయంత్రం ఏజీఎం (అసిస్టెంట్ జనరల్ మేనేజర్) ఫోన్ చేసి ఎన్ని ఇళ్లు తిరిగామో అడుగుతారు. టార్గెట్ పూర్తి కాకపోతే మే నెల జీతం ఆపుతారు. పెళ్లికి వెళ్లినా, దశదిన కర్మకు వెళ్లినా అక్కడ పదో తరగతి చదివే పిల్లవాడు కనపడగానే నా ఆలోచన జాబితా మీదకు పోవడం గమనించిన రోజున నాకు చాలా సిగ్గు వేసింది.

కొన్నేళ్ల క్రితం మా పెద్దమ్మ కొడుకు, మిర్చి సాగు చేసే మా అన్న, నా మాట నమ్మి తన కూతుర్ని మా క్యాంపస్‌లో చేర్చాడు. ఊళ్లో బడి నుంచి వచ్చిన ఆ అమ్మాయి రెండో నెలలోనే డీలా పడింది. స్టడీ అవర్‌లో నా దగ్గరకు వచ్చి, ‘‘బాబాయ్, నన్ను ఇంటికి తీసుకెళ్లమని నాన్నకు చెప్పవా’’ అని అడిగితే, అడ్మిషన్ పోతుందన్న భయంతో, ఇంకో నెల ఓపిక పట్టమ్మా అన్నాను. దసరాకు ఇంటికి వెళ్లిన పిల్ల తిరిగి రాలేదు. మండల కేంద్రంలోని ప్రభుత్వ జూనియర్ కళాశాలలో చేరి, ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. అది మా అందరి అదృష్టం. అయితే ఆమె ఫీజు బకాయి, ‘మీ అడ్మిషన్ కాబట్టి మీరే వసూలు చేయాలి’ అని నాకు అప్పగించారు. అన్నను అడగలేక ఊరుకుంటే అయిదు నెలల పాటు నా జీతంలో కోశారు. ఆ సంగతి అన్నకు నేటికీ తెలియదు. నేను ఆ ఇంటికి వెళ్లడం తగ్గించాను.

ఇది భరించలేకపోతే మానేయవచ్చు కదా అని చాలామంది అంటారు. మానేయడం అంత తేలిక కాదు. చేరిన రోజునే పీజీ, బీఈడీ ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెడతారు. విద్యా సంవత్సరం మధ్యలో వెళ్తే వాటిని ఇవ్వరు. న్యాయం కోసం లేబర్ కోర్టుకు వెళ్దామంటే, ఉపాధ్యాయులు అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద ‘వర్క్‌మన్’ (కార్మికుడు) కారని సుందరంబాళ్ కేసులో సుప్రీంకోర్టు 1988లోనే తీర్పు చెప్పింది. 1982 నాటి ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టంలోని 79వ సెక్షన్ విచారణ లేకుండా ప్రైవేటు విద్యాసంస్థల ఉద్యోగులను తొలగించకూడదంటుంది గానీ, నియామక పత్రమే చేతిలో లేని వారు ఉద్యోగంలో ఉన్నట్టు ఎలా రుజువు చేసుకుంటారు? ఉద్యోగం వీడేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ విషయంలో మాత్రం, ఆ చట్టానికి 2009లో చేసిన సవరణ ఉపాధ్యాయులకు మేలు చేసింది. ప్రైవేటు పాఠశాలల యాజమాన్యాలు దాన్ని సవాలు చేస్తే 2022లో సుప్రీంకోర్టు సమర్థించింది. చట్టం తలచుకుంటే మా దాకా రాగలదని ఆ తీర్పు చూసి నాకు ధైర్యం కలిగింది.

విశ్వవిద్యాలయాలు, డిగ్రీ కళాశాలలు విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లో ఆదేశించింది. పిల్లలకు వర్తించిన ఆ న్యాయం పాఠం చెప్పేవారికీ వర్తించాలి. అనుబంధ గుర్తింపు ఇచ్చేటప్పుడు ఇంటర్ బోర్డు భవనం కొలతలు, అగ్నిమాపక శాఖ ధ్రువపత్రం అడుగుతుంది. వాటితో పాటు ప్రతి అధ్యాపకుడి నియామక పత్రం, పని వేళలు, పన్నెండు నెలల జీతం బ్యాంకులో పడినట్టు ఆధారం కూడా అడగాలి. అధ్యాపకులకు అడ్మిషన్ల టార్గెట్లు ఇచ్చిన కళాశాలకు గుర్తింపు నిలిపివేయాలి. తనిఖీకి వచ్చే అధికారులు ప్రిన్సిపాల్ గదిలో రిజిస్టర్లు చూసి వెళ్లిపోకుండా, రాత్రి తొమ్మిది గంటలకు ఒకసారి స్టడీ హాలుకు వచ్చి, అక్కడ నిలబడి ఉన్న వారిని ఉదయం ఎన్నింటికి వచ్చారో అడగాలని రెండు రాష్ట్రాల బోర్డులనూ కోరుతున్నాను.

దయచేసి నా పేరు గానీ, కళాశాల పేరు గానీ ప్రచురించవద్దు. నా ఎమ్మెస్సీ, బీఈడీ సర్టిఫికెట్లు ఇంకా వారి బీరువాలోనే ఉన్నాయి.

- ఒక జూనియర్ లెక్చరర్, గుంటూరు జిల్లా