మోడల్ 60 విషయంలో మా తప్పు

మా టెక్సాస్ దుకాణంలో పాత స్టెయిన్‌లెస్ రివాల్వర్లు కొనే తెలుగు మిత్రులందరికీ నమస్కారం.

పోయిన నెల "తొలినాటి మెరుపు ఫినిష్" అని చీటీ కట్టి పెట్టిన నాలుగు స్మిత్ అండ్ వెసన్ మోడల్ 60లలో రెండు అసలువి కావు. ఫ్యాక్టరీ నుంచి సాటిన్‌గా (సన్నటి గీతలతో, మెరుపు తక్కువగా) వచ్చినవాటిని తర్వాత ఎవరో బఫింగ్ చక్రం మీద మెరిపించారు. రెండూ అమ్ముడైపోయాయి. కొన్నవారికి ఫోన్ చేసి చెప్పాను, పూర్తి సొమ్ము వెనక్కి ఇస్తున్నాను.

1965లో వచ్చిన మోడల్ 60 మార్కెట్లోకి దిగిన తొలి స్టెయిన్‌లెస్ రివాల్వర్. మొదట్లో వచ్చినవి అద్దంలా మెరిసేవి, తర్వాత ఫ్యాక్టరీ సాటిన్‌కు మారింది. ధరలో తేడా అందుకే. బ్లూయింగ్ (ఉక్కు మీద నల్లటి నీలి రంగు పూత) ఉన్న తుపాకీని అరగదీస్తే మళ్లీ రంగు పట్టించాలి, ఎక్కడో దొరికిపోతారు. స్టెయిన్‌లెస్‌కు పూతే లేదు కాబట్టి చక్రం, కాస్త పేస్టు ఉంటే ఎవడైనా "తొలినాటిది" తయారుచేయగలడు.

ట్యూబ్‌లైట్ కింద పట్టుకుని మెల్లగా తిప్పండి. ఫ్యాక్టరీ పనిలో లోహంలో కనిపించే లైటు ప్రతిబింబం సైడ్ ప్లేట్ (లోపలి యంత్రాన్ని మూసే పక్క రేకు) అతుకు మీదుగా గీత గీసినట్టు తిన్నగా సాగుతుంది, అతుకు కనపడీ కనపడనట్టు ఉంటుంది. మెత్తటి చక్రం తగిలినదాంట్లో స్క్రూ రంధ్రాల అంచులు గుంటపడి, ప్రతిబింబం అక్కడ నీళ్లలోలా వంగుతుంది. అక్షరాల అంచులు మొద్దుబారతాయి. ట్రిగ్గర్ గార్డ్ ఫ్రేమ్‌ను కలిసే మూలలోకి చక్రం పోదు. మా రెండింటిలోనూ అక్కడ సాటిన్ గీతలు అలాగే ఉన్నాయి.

ఇన్ని తెలిసి ఎలా తప్పాను అంటారా? రెండింటికీ స్క్రూ చుట్టూ డైమండ్ ఆకారం చెక్కిన పాత చెక్క పిడులున్నాయి (పిడికి రెండు పక్కలా బిగించే పలకలు). 1968లో ఆగిపోయిన రకం అవి, అందుకే తుపాకులూ తొలినాటివే అనుకున్నాను. కుడి పిడి లోపల ఆ తుపాకీ సీరియల్ నంబరే ముద్ర వేసి ఉండాలి. స్క్రూ గాడి కొత్తదానిలా ఉంది, చెడుతుందని విప్పలేదు. విప్పి చూస్తే వేరే తుపాకుల నంబర్లు. సరుకు ఇచ్చినాయన "ఉన్నది ఉన్నట్టుగా అమ్మాను" అని ఫోన్ పెట్టేశాడు. ఇకమీదట సగం ధరకిచ్చినా ఆయన సరుకు మా గడప తొక్కదు.

వెనక్కి వచ్చే రెండింటినీ ఏం చేయాలన్నదే రెండు వారాలు తేలలేదు. స్కాచ్‌బ్రైట్ (గరుకు పీచు)తో ఒకే దిక్కుగా రుద్దితే సాటిన్ మళ్లీ వస్తుంది, అరగంట పని. పెట్టుబడీ చాలావరకు గిట్టుతుంది. కానీ అరిగిన అంచు తిరిగి రాదు. నాలుగేళ్ల తర్వాత ఇంకెవరో దాన్నే అసలు సాటిన్ అని అమ్ముతారు, అప్పుడు ఆ అబద్ధంలో నా చెయ్యి కూడా ఉంటుంది. అందుకే ముట్టుకోను. బిల్లు మీదే "బఫ్ చేసినది" అని రాసి కాల్చుకునేవాళ్లకు నష్టానికే ఇస్తాను.

ఈ దెబ్బతో షెల్ఫులోని స్మిత్ అండ్ వెసన్ స్టెయిన్‌లెస్ మోడల్ 66లూ మళ్లీ చూశాను, అవి సరిగ్గానే ఉన్నాయి. సిలిండర్ తెరిస్తే యోక్ (సిలిండర్‌ను పట్టుకుని పక్కకు తెరుచుకునే చేయి) కింద ఫ్రేమ్ మీద మోడల్ నంబరు ఉంటుంది. ఆ నంబరు తర్వాత డ్యాష్ లేని తొలి రకమైతే గ్యాస్ రింగ్ (తూటా పేలిన వాయువు సిలిండర్ ఇరుసులోకి పోకుండా ఆపే కట్టు) యోక్ మీద ఉండాలి. 1977లో వచ్చిన 66-1లో అది సిలిండర్ మీదకు మారింది. 1982 నాటి 66-2కు బ్యారెల్‌ను ఫ్రేమ్‌కు బిగించే పిన్నూ లేదు, సిలిండర్‌లో తూటా అంచు లోపలికి దిగే గాడీ లేదు. అన్నట్టు, యోక్ దగ్గర కనిపించే ఇంకో నంబరు, తయారీలో భాగాలను జత కలపడానికి వేసిన అసెంబ్లీ నంబరు. దాన్నే సీరియల్ అనుకుని ఏ ఏడాదిదని అడుగుతూ ఫోన్ చేయకండి, సీరియల్ పిడి అడుగున ఉంటుంది.

వాపసు తుపాకులు మీ ఊరి లైసెన్సు డీలర్ ద్వారానే పంపండి, ఖర్చు మాదే. ఇకనుంచి మా దగ్గర ప్రతి రివాల్వర్‌కూ పిడి విప్పిన ఫొటో ఉంటుంది. మిగిలిన రెండు మోడల్ 60లకు ఇప్పటికే తీశాను, వాటి పిడుల నంబర్లు కలిశాయి. వాటి ధర మాత్రం తగ్గించను.