మంత్రిగారూ, గుండెకు ఇస్తున్న ఆ ఇంజెక్షన్ మెదడుకూ ఇప్పించండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ప్రభుత్వ ఆసుపత్రుల్లో జనరల్ ఫిజీషియన్‌గా పనిచేసి రిటైరైన వైద్యుణ్ని. ఈ ఉత్తరం పెన్షన్ బకాయిల గురించో, మా పాత సహోద్యోగుల బదిలీల గురించో కాదు. అడగదలచుకున్నది ఒక్కటే. ఏరియా ఆసుపత్రుల్లో గుండెపోటు రోగులకు ఉచితంగా ఇస్తున్న టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్‌ను, కాలూ చెయ్యీ పడిపోయి వచ్చినవారికి కూడా అదే ఆసుపత్రిలో, వచ్చిన గంటలోపే ఇచ్చే ఏర్పాటు చేయండి.

2023లో ప్రయోగాత్మకంగా మొదలైన స్టెమీ (గుండెపోటుకు సత్వర చికిత్స) కార్యక్రమం మన రాష్ట్రంలో జరిగిన మంచి పనుల్లో ఒకటి. చిన్న ఊళ్లోని డ్యూటీ డాక్టరు ఈసీజీ తీసి పెద్దాసుపత్రికి పంపుతాడు. అక్కడి కార్డియాలజిస్టు చూసి సరేనంటే, బయట కొంటే నలభై వేల రూపాయలు దాటే మందు రోగి నరంలోకి వెళ్తుంది. ప్రభుత్వం మారినా ఆ కార్యక్రమం ఆగలేదు. అందుకు మీకు కృతజ్ఞతలు చెప్పాలి. మన దగ్గర ఒకరు పెట్టిన దీపాన్ని ఇంకొకరు ఆర్పకుండా ఉండటమే అరుదు.

అయితే గుండె రక్తనాళంలో గడ్డను కరిగించే ఆ మందే మెదడు రక్తనాళంలో గడ్డనూ కరిగిస్తుంది. స్ట్రోక్ (పక్షవాతం) కేసుల్లో ఎక్కువ భాగం ఇలా రక్తనాళం పూడుకుపోయినవే. మిగిలినవి నాళం చిట్లి రక్తం కారినవి. పూడుకుపోయినప్పుడు మెదడులో నిమిషానికి దాదాపు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని 2006లో ఒక అమెరికన్ న్యూరాలజిస్టు (మెదడు, నరాల వైద్యుడు) లెక్కగట్టారు. లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు మందు పడాలి. ఆ నాలుగున్నర గంటలూ ఒకే విలువ చేసేవి కావు. మొదటి గంటన్నరలో ఇస్తే, ప్రతి నలుగురైదుగురిలో అదనంగా ఒకరు దాదాపు మామూలు మనిషిగా లేచి నడుస్తారు. మూడు గంటలు దాటాక ఇస్తే ఆ ఫలితం కోసం పద్నాలుగు మందికి ఇవ్వాలి.

ఇదేమీ కొత్త సంగతి కాదు. అమెరికాలో 624 మంది రోగులపై జరిగిన పరీక్ష ఫలితాలు 1995లో వచ్చాయి. గడ్డను కరిగించే ఆల్టెప్లేస్ అనే పాత మందు మూడు గంటల్లోపు పడ్డవారిలో 39 శాతం మంది మూడు నెలల తర్వాత ఏ వైకల్యమూ లేకుండానో, పనులకు అడ్డురాని చిన్న లోపంతోనో ఉన్నారు. పడనివారిలో అలా ఉన్నది 26 శాతం. మరుసటి ఏడాదే అక్కడ అనుమతి వచ్చింది. ఆ మందులో కొంత సూదిగా ఇచ్చి, మిగతాది గంటసేపు పంపుతో ఎక్కించాలి. టెనెక్టెప్లేస్ వచ్చాక ఆ బాధ తప్పింది. ఒక్క సూది, కొన్ని సెకన్లు, అంతే. దీన్ని స్ట్రోక్‌కు వాడటానికి అమెరికా 2025 మార్చిలో అనుమతినిచ్చింది. మన దేశంలో, మన దేశంలోనే తయారైన మందుకు, అంతకు చాలా ఏళ్ల ముందే అనుమతి ఉంది. అంటే కాగితం మీద మనమే ముందున్నాం.

మరి మంచం మీద? ఒక పల్లెలో సాయంత్రం ఆరింటికి మూతి వంకరపోయి, మాట తడబడి, కుడిచెయ్యి జారిపోయిన మనిషి ప్రయాణం ఎలా సాగుతుందో చెబుతాను. ముందు ఆర్‌ఎంపీ వస్తాడు. బీపీ చూసి 200 ఉందని కంగారుపడి నాలుక కింద మాత్ర పెడతాడు. స్ట్రోక్‌లో బీపీని ఒక్కసారిగా అలా పడగొడితే, అందుతున్న కాస్త రక్తమూ అందకుండా పోతుంది. ఇంట్లోవాళ్లు నీళ్లు తాగిస్తారు. మింగే కండరాలు పనిచేయక అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పావురం రక్తం రాయమనే పెద్దాయన ఇప్పటికీ ఏదో ఒక వీధిలో ఉంటాడు. ఆటో కట్టించుకుని మండల కేంద్రానికి, అక్కడినుంచి ఏరియా ఆసుపత్రికి చేరేసరికి ఎనిమిది. స్కాన్ గదికి తాళం. టెక్నీషియన్ పగటి డ్యూటీ చేసి వెళ్లిపోయాడు. డ్యూటీ డాక్టరు సెలైన్ పెట్టి రిఫర్ రాస్తాడు. 108 పెద్దాసుపత్రికి చేరేసరికి పది దాటుతుంది. అక్కడ ప్రమాదాల కేసుల వెనక వరుసలో స్కాన్ అయ్యేసరికి పదకొండున్నర. న్యూరాలజీ పీజీ విద్యార్థి ఫిల్ము చూసి అంటాడు: టైం దాటిపోయిందండీ.

ఇందులో ఎవరూ దుర్మార్గులు కారు, అందరూ తమకు తెలిసింది చేశారు. నేను పనిచేసిన చోట కూడా ఇలాగే రిఫర్ రాసేవాళ్లం, రాయక తప్పేది కాదు. పై కథలో ఎనిమిదింటికి, ఏరియా ఆసుపత్రి గుమ్మంలో ఆ మనిషికి ఇంకా రెండున్నర గంటలు మిగిలి ఉన్నాయి. ఆ రెండున్నర గంటలనూ అంబులెన్సులోనూ వరుసలోనూ కరిగించేశాం. పాడేరు నుంచి విశాఖకు ఘాట్ రోడ్డు మీద నూటపది కిలోమీటర్లు. అక్కడి మనిషికి "పెద్దాసుపత్రికి వెళ్లండి" అనడం అంటే మందు ఇవ్వబోమని మర్యాదగా చెప్పడమే.

గుండెకూ మెదడుకూ తేడా లేదా అని మీ అధికారులు అడుగుతారు. ఉంది. ఈ మందు అవసరమైన గుండెపోటు ఈసీజీతో తేలిపోతుంది. స్ట్రోక్‌లో నాళం పూడిందో చిట్లిందో బయటికి చూసి ఎంత పెద్ద వైద్యుడూ చెప్పలేడు. చిట్లినవారికి ఈ మందు పడితే ప్రాణం పోవచ్చు. కాబట్టి సీటీ స్కాన్ తప్పనిసరి. కానీ కాంట్రాస్టు ఎక్కించని మామూలు సీటీ చాలు, బల్ల మీద పడుకోబెట్టాక నిమిషాల పని. స్కాన్ యంత్రం ఉన్న ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో అది రాత్రంతా పనిచేయాలి. ఇంకో ముగ్గురు టెక్నీషియన్లు అంటే ఆర్థిక శాఖ ముఖం చిట్లిస్తుందని తెలుసు. ఉన్నవాళ్లకే రాత్రి కాల్ డ్యూటీ వేసి, పిలిస్తే పావుగంటలో వచ్చేలా ఆసుపత్రి ఆవరణలోనే గది ఇచ్చినా మొదలవుతుంది.

చదివేదెవరు అన్నది రెండో ప్రశ్న. ప్రతి పట్టణానికీ న్యూరాలజిస్టును తేలేం, దేశంలోనే వాళ్లు కొన్ని వేలమంది. దీనికి హిమాచల్ ప్రదేశ్ జవాబు చెప్పింది. అక్కడ 2014లో, సీటీ ఉండి న్యూరాలజిస్టు లేని జిల్లా ఆసుపత్రుల్లో ఫిజీషియన్లకు శిక్షణ ఇచ్చారు. వాళ్లు స్కాన్ చిత్రాల్ని ఫోన్‌లో వైద్య కళాశాలలోని న్యూరాలజిస్టుకు పంపి, మాట్లాడి, ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన మందు ఎక్కించారు. కొండలు, మంచు, ఒక లోయ నుంచి ఇంకో లోయకు పూట ప్రయాణం ఉన్న రాష్ట్రం అది. కేరళ కూడా శిరస్ పేరుతో జిల్లా ఆసుపత్రుల్లో ఈ పని చేస్తోంది. మనకు ఈసీజీ పంపే దారి ఇప్పటికే ఉంది. అదే దారిలో సీటీ చిత్రం వెళ్లాలి, అవతల కార్డియాలజిస్టు బదులు న్యూరాలజిస్టు ఉండాలి.

మోతాదు విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. అరవై కిలోల మనిషికి గుండెపోటులో టెనెక్టెప్లేస్ 35 మిల్లీగ్రాములు ఇస్తారు. అదే మనిషికి స్ట్రోక్‌లో కిలోకు పావు మిల్లీగ్రాము చొప్పున 15 మిల్లీగ్రాములే. ఎంత బరువున్నవారికైనా 25 దాటకూడదు. నార్వేలో కిలోకు 0.4 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చి చూస్తే మెదడులో రక్తస్రావాలు పెరిగాయి. రాత్రి రెండింటికి, నిద్ర కళ్లతో, గుండెపోటు మందు సీసా తీసి మొత్తం ఎక్కించేస్తే ఏమవుతుందో ఊహించండి. అందుకని స్ట్రోక్ మందును వేరే రంగు పెట్టెలో, వేరే అరలో, మూత మీద బరువు ప్రకారం మోతాదు పట్టికతో పెట్టాలి. బీపీ 185/110 దాటి ఉంటే ముందు దాన్ని జాగ్రత్తగా దించాలి. షుగర్ పడిపోయినా కాలూ చెయ్యీ పడిపోయినట్టే కనిపిస్తుంది కనుక గ్లూకోమీటర్ చుక్క చూడకుండా సిరంజి ముట్టుకోకూడదు. ఈ మూడూ పెట్టె మీదే రాసి ఉంటే చాలు. స్టాఫ్ నర్సులే డాక్టర్లకు గుర్తుచేస్తారు. వాళ్లు చాలా విషయాలు అలా గుర్తుచేసే మమ్మల్ని కాపాడారు.

ఇప్పుడు ఎవరూ మీకు చెప్పని సంగతి. మందు, స్కాన్ రెండూ ఉన్నా మా డాక్టర్లు వెనకాడతారు. ఎందుకంటే 1995 పరీక్షలోనే మందు పడ్డవారిలో 6.4 శాతం మందికి ప్రమాదకరమైన రక్తస్రావం అయింది. పడనివారిలో అది 0.6 శాతం. ఆ రక్తస్రావాల్ని కలిపి లెక్కేసినా మూడు నెలల్లో మరణాలు మందు పడ్డవైపే కాస్త తక్కువ. 17 శాతం, అటు 21. కానీ క్యాజువాలిటీలో నిలబడ్డ పాతికేళ్ల మెడికల్ ఆఫీసరుకు ఈ లెక్క ధైర్యం ఇవ్వదు. మందు ఇవ్వకపోతే, రోగి మంచాన పడితే, అది రోగి తలరాత అంటారు. ఇచ్చాక వికటిస్తే, అది డాక్టరు తప్పు. అద్దాలు పగులుతాయి, మర్నాడు ఛార్జి మెమో వస్తుంది. ఇటు చెయ్యనందుకు శిక్ష లేదు, అటు చేసినందుకు ఉంది. ఇలాంటి చోట ఎవరైనా రిఫరే రాస్తారు.

దీన్ని మార్చగలిగింది మీరొక్కరే. ఫలానా ప్రమాణాలు సరిచూసి, పెద్దాసుపత్రి న్యూరాలజిస్టు సలహా నమోదు చేసి, తెలుగులో ముద్రించిన అంగీకార పత్రం మీద బంధువుల సంతకం తీసుకుని ఇచ్చిన మందు వల్ల రక్తస్రావం జరిగితే డాక్టరుపై శాఖాపరమైన చర్య ఉండదని ఒక జీవో ఇవ్వండి. అంగీకార పత్రంలో ఆ ఆరు శాతం సంగతీ దాచకుండా రాయండి. మన పల్లె జనానికి లెక్కలు అర్థం కావనుకోవడం తప్పు. పంటకు పెట్టుబడి పెట్టే రైతుకు రిస్కు గురించి మనం పాఠం చెప్పనక్కర్లేదు. అర్థమయ్యేలా అడగాలి, అంతే.

ఖర్చు సంగతి వస్తుందని తెలుసు. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15 వేల రూపాయలు ఇస్తున్నారు. ఇవ్వాల్సిందే, ఒక్క రూపాయి తగ్గించమనడం లేదు. ఆ డబ్బుతో ఇల్లు గడుస్తున్న కుటుంబాలను నేను చూశాను. కానీ మూడు నెలల పెన్షన్ ఎంతో ఒక ఇంజెక్షన్ ఇంచుమించు అంతే. ఒక మనిషి లేచి నడిస్తే ఆ కుటుంబంలో ఇద్దరు పనికి వెళ్తారు. ఆ మనిషి, ఆ మనిషిని ఒళ్లు తుడిచి కూర్చోబెట్టే భార్యో కోడలో. ఆ రెండో జీతాన్ని ఏ శాఖా లెక్కవేయదు.

కాలు దగ్గర నుంచి గొట్టం పంపి గడ్డను బయటికి లాగే చికిత్స గురించీ మీ ముందుకు ప్రతిపాదనలు వస్తాయి. అది గొప్ప చికిత్సే. 2015లో వరసగా ఐదు పరీక్షలు దాని విలువ నిరూపించాయి. పెద్ద నాళం మూసుకుపోయినవారిలో కొందరికి 24 గంటల వరకూ చేయవచ్చని 2018లో తేలింది. విశాఖ, గుంటూరు, కర్నూలు, తిరుపతి లాంటి చోట్ల ప్రభుత్వ రంగంలో అది రావాలి. కానీ దాంతో మొదలుపెట్టకండి. కోట్ల యంత్రానికి రిబ్బన్ కట్ చేయడం సులువు, ఫొటో కూడా బాగా వస్తుంది. ఏరియా ఆసుపత్రి స్కాన్ గది తాళం రాత్రి తీయించడానికి ఫొటో రాదు.

ఫిన్లండ్ రాజధాని హెల్సింకీలో ఒక ఆసుపత్రి, రోగి గుమ్మం దాటినప్పటి నుంచి సూది పడేదాకా పట్టే సమయాన్ని 1998లో ఉన్న 105 నిమిషాల నుంచి 2011కి 20 నిమిషాలకు దించింది. అందుకోసం అంబులెన్సు నుంచి ముందే ఫోను చేయించారు, స్ట్రెచర్‌ను వార్డుకు కాకుండా నేరుగా స్కాన్ బల్ల దగ్గరికి తోశారు, మందును అక్కడే ఇచ్చారు. ఇందులో ఏది మనకు సాధ్యం కాదు? 108 మన గడ్డ మీద, 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైనది. 108 సిబ్బందికి ఒకే ప్రశ్న నేర్పండి: "ఈ మనిషి ఆఖరుసారి బాగా ఉండగా ఎవరు చూశారు, ఎన్ని గంటలకు?" నిద్రలేచేసరికి ఇలా ఉన్నాడంటే గడియారం పడుకున్నప్పటి నుంచి నడుస్తుంది. లేచినప్పటి నుంచి కాదు. ఆ సమయాన్ని రాసిన చీటీ రోగి చొక్కాకు పిన్ను చేసి పంపినా సరే.

మందు పడని వారినీ మరవొద్దు, వాళ్లే ఎప్పుడూ ఎక్కువ. నీళ్లు మింగగలరో లేదో చూడకుండా నోట ఏమీ పెట్టకపోవడం, రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, ఒకటి రెండు రోజుల్లోనే ఫిజియోథెరపిస్టు చెయ్యి పడటం ఖరీదైనవి కావు. వీళ్లందరినీ ఒకే వార్డులో, దీనికే శిక్షణ పొందిన నర్సుల కింద పెడితే మరణాలూ వైకల్యమూ తగ్గుతాయని దశాబ్దాలుగా రుజువవుతూనే ఉంది. జిల్లా ఆసుపత్రిలో ఆరు మంచాలు విడిగా కేటాయించండి. మిగతా పెద్ద మాటలు తర్వాత.

చివరిగా ఒక విన్నపం. అక్టోబరు 29 ప్రపంచ స్ట్రోక్ దినం. ఏటా ఆ రోజు నర్సింగ్ విద్యార్థినులను ఎండలో నిలబెట్టి ప్లకార్డులతో ర్యాలీ చేయిస్తున్నాం. ఈసారి దానికి బదులు, సీటీ ఉన్న ప్రతి ప్రభుత్వ ఆసుపత్రి పేరు పక్కన నాలుగు అంకెలు ప్రకటించండి. ఏడాదిలో ఎంతమంది స్ట్రోక్ రోగులు వచ్చారు, ఎంతమందికి మందు పడింది, గుమ్మం నుంచి సూదికి ఎన్ని నిమిషాలు పట్టింది, మూడు నెలల తర్వాత ఫోన్ చేస్తే ఎంతమంది తమ పనులు తాము చేసుకుంటున్నారు. మొదటి ఏడాది చాలా గడుల్లో సున్నాలే ఉంటాయి. ఉండనివ్వండి. ఆ సున్నాలు చూసి అడగడానికి మాలాంటివాళ్లం ఉన్నాం, ఆ జీవో నంబరు కోసం ఎదురుచూస్తాం.

భవదీయుడు,
ఒక రిటైర్డ్ ప్రభుత్వ వైద్యుడు